మనవాళ్ళేగా, తాళమెందుకు?

సాఫ్టువేరు వాళ్ళ ఇళ్ళల్లో ఈమధ్య ఓ కొత్తరకం పెరటితోట పెరుగుతోంది. పాత లాప్‌టాపో, రాస్ప్‌బెర్రీ పై బోర్డో, నాలుగు డిస్కుల నాస్ పెట్టెనో టీవీ వెనకాల పెట్టేసి, అందులో ఇమిచ్‌లో ఫోటోలు, జెల్లీఫిన్‌లో సినిమాలు, నెక్స్ట్‌క్లౌడ్‌లో కాగితాలు, హోమ్ అసిస్టెంట్‌లో లైట్లూ గీజర్లూ. నెలనెలా ఎవరికీ అద్దె కట్టక్కర్లేదు, మన సరుకు మన దగ్గరే ఉంటుంది. చాలా మంచి అలవాటు.

కాకపోతే వీటిని బయట్నుంచి కూడా చూసుకోవాలని రౌటర్లో పోర్టు తెరిచాక, "మరి లాగిన్ పెట్టావా?" అని అడిగి చూడండి. చాలాసార్లు వచ్చే జవాబు ఇదే: "ఎందుకూ? వాడేది మనవాళ్ళేగా!"

ఈ "మనవాళ్ళేగా" అన్న మాటకి కంప్యూటర్ల చరిత్రలో అరవయ్యేళ్ళ పైబడిన వయసుంది. పాస్‌వర్డుల చరిత్ర చదువుతుంటే నాకు అనిపించేది ఏంటంటే, పెద్ద దెబ్బల్లో చాలావాటి వెనక ఉన్నది గణితం తప్పడం కాదు, లోపల ఉన్నది మనవాళ్ళే అన్న పాత లెక్కని ఎవరూ మళ్ళీ సరిచూసుకోకపోవడం. ఆ లెక్క ఎక్కడెక్కడ ఎలా తప్పిందో వరసగా చూస్తే, మన టీవీ వెనకున్న పెట్టెకి ఏం కావాలో దానంతట అదే తెలుస్తుంది.

కథ మొదలయ్యేది అమెరికాలోని ఎమ్ఐటీలో. 1961 నవంబరులో ఫెర్నాండో కోర్బటో బృందం సీటీఎస్ఎస్ అనే టైమ్ షేరింగ్ వ్యవస్థని ప్రదర్శించింది. అంతకుముందు కంప్యూటరు వాడటమంటే కార్డుల కట్ట ఇచ్చేసి మన వంతు కోసం కూర్చోవడమే. ఇందులో ఒకే మిషను మీద చాలామంది, తలా ఒక టెర్మినలు ముందు కూర్చుని ఒకేసారి పని చేసుకోవచ్చు. మిషను ఒకటే అయినా ఎవరి ఫైళ్ళు వాళ్ళవి, ఎవరికి కేటాయించిన సమయం వాళ్ళది. అందుకని ఒక్కొక్కరికీ ఒక పాస్‌వర్డు ఇచ్చారు. అందరూ ఒకే విశ్వవిద్యాలయం వాళ్ళు కాబట్టి ఆ పాస్‌వర్డులన్నీ ఒక ఫైల్లో ఉన్నవి ఉన్నట్టుగా రాసిపెట్టారు.

1962లోనే దానికి కన్నం పడింది. పడగొట్టింది బయటివాడు కాదు, అక్కడే పీహెచ్‌డీ చేస్తున్న ఆలన్ షెర్. ఆయనకి వారానికి నాలుగు గంటల కంప్యూటరు సమయం ఇచ్చారు, ఆయన పనికి అది చాల్లేదు. ఫలానా ఫైలు ప్రింటు కావాలని కార్డు పంచ్ చేసి పెడితే ప్రింటు తీసి ఇచ్చే ఏర్పాటు అక్కడ ఉండేది. ఆయన పాస్‌వర్డుల ఫైలు పేరే రాసి పెట్టేశాడు, ప్రింటు వచ్చేసింది! ఆ తర్వాత వేరేవాళ్ళ ఖాతాల్లోంచి సమయం వాడుకున్నాడు. ఈ సంగతి సీటీఎస్ఎస్ యాభయ్యేళ్ళ సందర్భంగా 2011లో వచ్చిన జ్ఞాపకాల పుస్తకంలో ఆయనే చెప్పుకున్నాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్ళు ఊరికే అనలేదు :)

రెండో దెబ్బ 1966లో, ఇందులో అసలు దొంగే లేడు. సిస్టమ్ డైరెక్టరీలో ఒకసారి ఒక్కరే పనిచెయ్యాలన్నది మొదటి నియమం. మనుషులు పెరిగి డజనుమంది దాకా అయ్యాక, పని ఆగిపోతోందని, జాగ్రత్తగా ఉంటామని కోర్బటోని బతిమాలి ఆ నియమం సడలించుకున్నారు. ఎడిటర్ ప్రోగ్రాము మాత్రం పాత లెక్క మీదే నడుస్తోంది. ఒక డైరెక్టరీలో ఒక్కరే ఉంటారనుకుని, తాత్కాలిక ఫైలుకి ఎప్పుడూ ఒకే పేరు పెట్టేది. ఒకరోజు ఒకాయన రోజువారీ సందేశాన్ని దిద్దుతుంటే, అదే సమయంలో ఇంకొకాయన పాస్‌వర్డుల ఫైలుని దిద్దుతున్నాడు. రెండూ తారుమారయ్యాయి. ఆ తర్వాత లాగిన్ అయిన ప్రతివాడికీ స్వాగత సందేశంగా అందరి పాస్‌వర్డులూ దర్శనమిచ్చాయి! తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో కోర్బటో ఈ కథని దాచుకోకుండా వివరంగా చెప్పాడు. 2014లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో ఆయనే, పాస్‌వర్డులు ఇప్పుడు ఒక పీడకలలా తయారయ్యాయని కూడా ఒప్పుకున్నాడు. ఆయన 2019లో పోయారు.

ఈ రెండు దెబ్బల నుంచీ నేర్చుకోవాల్సింది ఒకటే. పాస్‌వర్డుని ఉన్నదున్నట్టు ఎక్కడా రాసిపెట్టకూడదు. 1960ల్లోనే ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రోజర్ నీధమ్ వాళ్ళు ఈ దారి పట్టారు. పాస్‌వర్డుని వెనక్కి తిప్పలేని విధంగా మార్చి, ఆ మార్చినదాన్నే దాచడం. యూనిక్స్ ఇదే పద్ధతిని ప్రపంచానికంతా పంచింది. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ కలిసి రాసిన పాస్‌వర్డుల పత్రం ఇప్పుడు చదివినా పాతదనిపించదు. ఇద్దరి పాస్‌వర్డు ఒకటే అయినా ఫైల్లో వేరువేరుగా కనబడేలా 12 బిట్ల ఉప్పు కలిపారు. ఊహించేవాడికి ఆలస్యమయ్యేలా డీఈఎస్ లెక్కని 25 సార్లు తిప్పారు.

అదే పత్రంలో ఇంకో లెక్క ఉంది. వాళ్ళు 3,289 పాస్‌వర్డులు సేకరించి చూస్తే 2,831, అంటే 86 శాతం, ఇట్టే ఊహించదగ్గవే. ఒక అక్షరంతో సరిపెట్టినవాళ్ళు కూడా ఉన్నారు! తాళం ఎంత బాగా చేసినా, తాళంచెవి గుమ్మం పక్కన మేకుకి తగిలిస్తే ఏం లాభం?

ఇక్కడినుంచి కథ నెట్‌వర్కుల్లోకి వెళ్తుంది. 1983లో వచ్చిన బర్కిలీ యూనిక్స్ 4.2లో ఒక సౌకర్యం పెట్టారు. మన పక్క మిషను పేరు ఒక చిన్న ఫైల్లో రాసిపెట్టుకుంటే, అక్కడినుంచి వచ్చేవాళ్ళని పాస్‌వర్డు అడక్కుండా లోపలికి రానిస్తుంది. ఆ రోజుల్లో నెట్‌వర్కులో ఉన్నవి విశ్వవిద్యాలయాలూ పరిశోధనశాలలూ. అందరూ ఒకళ్ళకొకళ్ళు తెలిసినవాళ్ళే, అంటే మనవాళ్ళే.

1988 నవంబరు 2 రాత్రి ఆ నమ్మకం మీదుగానే ఒక పురుగు పాకింది. సాఫ్టువేరు లోపాలతో పాటు అది వాడిన ఆయుధాలు రెండు. ఒకటి, ఈ పక్క మిషను నమ్మకం. రెండోది, 432 మాటల చిన్న పాస్‌వర్డుల జాబితా, దానికి తోడు మనిషి పేరూ, ఆ పేరు తిరగేసి రాసిందీ వగైరా. అప్పట్లో ఇంటర్నెట్టులో ఉన్నవే 60,000 మిషన్లనీ, అందులో 6,000 దెబ్బతిన్నాయనీ ఒక అంచనా. దాన్ని వదిలిన విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్, 1979 పత్రం రాసిన మోరిస్‌గారి అబ్బాయి! తండ్రి కాగితం మీద హెచ్చరించినదాన్ని కొడుకు చేసి చూపించాడన్నమాట.

ఇక వెబ్ సంగతి. సెర్న్‌లో వెబ్ పుట్టింది పరిశోధకులు కాగితాలు పంచుకోవడానికి. అందుకే మొదట్లో దానికి తలుపు లేదు. 1993లో అక్కడే అరి లువోటొనెన్ సెర్న్ సర్వరుకి ప్రవేశ నియంత్రణ జోడించాడు. ఎన్‌సీఎస్ఏ సర్వరులోనూ అలాంటి ఏర్పాటే వచ్చింది, దాన్నుంచి 1995లో అపాచీకి వారసత్వంగా దక్కింది. 1996 మేలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.0 పత్రం, ఆర్ఎఫ్‌సీ 1945, దీన్ని బేసిక్ అథెంటికేషన్ పేరుతో రాసిపెట్టింది.

పని చేసే తీరు చిన్నపిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది. మనం పేజీ అడుగుతాం. సర్వరు 401 అని జవాబిస్తుంది, అంటే "నువ్వెవరో చెప్పు" అని. బ్రౌజరు ఓ చిన్న పెట్టె తెరిచి పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. ఆ రెంటినీ మధ్యలో కోలన్ పెట్టి కలిపి, బేస్64 లోకి మార్చి, అక్కణ్ణించి ప్రతి రిక్వెస్టుతోనూ పంపిస్తుంది. అంతే. కుకీలు లేవు, సెషన్లు లేవు, డేటాబేసు లేదు.

ఆ పత్రంలో ఇచ్చిన ఉదాహరణ కూడా సరదాగా ఉంటుంది. పేరు అలాద్దీన్, పాస్‌వర్డు "ఓపెన్ ససేమ్". నిజానికి ఆ మంత్రం అలాద్దీన్‌ది కాదు, ఆలీబాబాది! అయినా ఎందుకో ఆ ఉదాహరణ నాకు చాలా సరిపోయిందనిపిస్తుంది. ఆలీబాబా గుహ తలుపులో లోపమేమీ లేదు. చెట్టు మీద కూర్చున్నవాడు మంత్రం విన్నాడు, అంతే. బేసిక్ అథెంటికేషన్‌కి ఉన్న అసలు రోగం అదే. బేస్64 అనేది రహస్య లిపి కాదు, వేషం మార్చడం మాత్రమే. దారిలో విన్నవాడెవడైనా విప్పి చదువుకోగలడు. దానికి మందుగా 1997లో డైజెస్ట్ పద్ధతి తెచ్చారు గానీ అది పెద్దగా అలవాటు కాలేదు. అసలు మందు దారికే ముసుగెయ్యడం, అంటే హెచ్‌టీటీపీఎస్. అప్పట్లో దానికి కావాల్సిన సర్టిఫికెట్టు డబ్బు పోసి కొనుక్కోవాలి, ఇంటి సర్వరుకోసం ఎవరు కొంటారు? 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అందరికీ తలుపులు తెరిచాక ఆ ఖర్చు సున్నా అయింది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7617 బేసిక్ పద్ధతిని మళ్ళీ రాసి, హెచ్‌టీటీపీఎస్ లాంటి ముసుగు లేకుండా సున్నితమైన వాటికి వాడొద్దని మరోసారి చెప్పింది. అంటే 1993 నాటి తాళానికి సరైన తలుపు ఇరవైరెండేళ్ళ తర్వాత గానీ మన ఇళ్ళకి రాలేదు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వద్దాం. "నా ఐపీ ఎవడికి తెలుసు? ఎవడొస్తాడు?" అనేది రెండో జవాబు. దీనికి కాలం చెల్లి చాలా ఏళ్ళయింది. 2009లో షోడాన్ మొదలైంది, ఇంటర్నెట్టుకి తగిలించి ఉన్న పరికరాలని వెతికిపెట్టడమే దాని పని. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు జీమ్యాప్ అనే పరికరం విడుదల చేశారు. ఒక మామూలు కంప్యూటరూ గిగాబిట్ లైనూ ఉంటే, ఐపీవీ4 చిరునామాలన్నిట్లో ఒక పోర్టుని 45 నిమిషాల్లోపు తట్టి రావచ్చని వాళ్ళు చేసి చూపించారు. అంటే మన ఇంటిని ప్రత్యేకంగా ఎవరూ వెతకనక్కర్లేదు, ఊళ్ళో ప్రతి తలుపూ తట్టుకుంటూ పోతే మనదీ వస్తుంది. ఎవరికీ తెలియని వింత సబ్‌డొమైన్ పెట్టుకుంటానంటారా? ఆ పేరుకి సర్టిఫికెట్టు తీసుకున్న క్షణాన అది బహిరంగ చిట్టాల్లోకి ఎక్కుతుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

తలుపు తట్టేవాళ్ళకి తెలివి కూడా పెద్దగా అక్కర్లేదని 2016లో మిరాయ్ చూపించింది. అరవై పైచిలుకు ఫ్యాక్టరీ పేరు, పాస్‌వర్డు జతలు. అవి పెట్టుకుని లక్షల ఇంటి కెమేరాలనీ రికార్డర్లనీ లొంగదీసుకుంది. అక్టోబరు 21న వాటిని డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీదకి తోలితే ట్విట్టరూ నెట్‌ఫ్లిక్సూ చాలామందికి గంటలతరబడి అందలేదు. 1988లో 432 మాటలు కావాల్సి వచ్చింది, ఇరవైఎనిమిదేళ్ళ తర్వాత అరవై చాలాయి!

డేటాబేసులదీ ఇదే కథ. 2017 జనవరిలో పాస్‌వర్డు లేకుండా బయటికి తెరిచి ఉన్న మాంగోడీబీలని వేల సంఖ్యలో తుడిచేసి, డబ్బిస్తే తిరిగిస్తామని చీటీలు వదిలారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి అది సొంత మిషనుకే జవాబిచ్చేలా మొదటి అమరిక మార్చారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు.

"సరే, నా అప్లికేషనుకి లాగిన్ పేజీ ఉందిగా, ఇంకో తాళమెందుకు?" అనేవాళ్ళు 2022 జనవరి సంగతి గుర్తు చేసుకోవాలి. డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేరు ఇంటర్నెట్టుకి తెరిచి ఉన్న క్యూనాప్ నాస్ పెట్టెల మీద పడింది. ఆ పెట్టెలకి లాగిన్ పేజీ ఉంది. సాఫ్టువేరులోని లోపం పట్టుకుని వచ్చినవాడికి ఆ పేజీ అడ్డు కాలేదు. పైగా యజమాని లాగిన్ పేజీ తెరిస్తే కనపడింది వసూలు చీటీ, ఫైళ్ళు కావాలంటే 0.03 బిట్‌కాయిన్ కట్టమని! లాగిన్ పేజీ చూపించడానికే లక్షల లైన్ల కోడు నడవాల్సి వస్తే, ఆ లక్షల లైన్లలో ఎక్కడ లోపమున్నా తాళం తియ్యకుండానే లోపలికి రావచ్చు. అందుకే తాళం అప్లికేషను లోపల కాకుండా దాని ముందు ఉండాలి. ముందున్న తాళం చిన్నదై ఉండాలి. పాస్‌వర్డు సరిగ్గా చెప్పేదాకా అపరిచితుడి మాట ఒక్కటి కూడా అప్లికేషను చెవిన పడకూడదు. 1993 నాటి ఆ పాత చిన్న పెట్టె ఈ పనికి ఇప్పటికీ బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఇది మన ఇంటి ఫోటోలతోనే ఆగే సంగతి కూడా కాదు. 2023 ఫిబ్రవరిలో లాస్ట్‌పాస్ కంపెనీ బయటపెట్టిన వివరం మన వృత్తివాళ్ళందరూ చదవాలి. ఖాతాదారుల బ్యాకప్‌ల తాళంచెవులు అందుబాటులో ఉన్నది నలుగురు డెవాప్స్ ఇంజినీర్లకే. దుండగులు అందులో ఒకరి ఇంటి కంప్యూటరులోని మీడియా సాఫ్టువేరు లోపం ద్వారా దూరి, కీలాగర్ పెట్టి, ఆయన మాస్టర్ పాస్‌వర్డు పట్టుకున్నారు. అది ప్లెక్స్ అనీ, ఆ లోపానికి 2020 మేలోనే సవరణ విడుదలైందనీ తర్వాత తెలిసింది. ఆ లోపం వాడాలంటే ముందే అడ్మిన్ హక్కు ఉండాలి కాబట్టి, బయట ఒక గేటు ఉంటే ఇది జరిగేది కాదని నేననను. కానీ సినిమాలు చూసుకునే ఇంటి కంప్యూటరు నుంచి ఆఫీసు ఖజానా దాకా దారి ఉందని మాత్రం తేలిపోయింది.

మరి ఏం చెయ్యాలి? ఒక సాయంత్రం పని.

బయటికి తెరిచేది ఒక్క 443 పోర్టే. దాని వెనక ఎన్జినెక్సో, అపాచీయో, క్యాడీయో ఒక రివర్స్ ప్రాక్సీ. అన్ని అప్లికేషన్లూ దాని వెనకే. సర్టిఫికెట్టు లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ది, క్యాడీ అయితే అదే తెచ్చుకుంటుంది. పాస్‌వర్డుల ఫైలు తయారు చేసేటప్పుడు 1999లో వచ్చిన బీక్రిప్ట్ ఎంచుకోండి, అది కావాలనే నెమ్మదిగా నడిచేలా చేసిన లెక్క. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే పేరు, నాలుగైదు మాటల పొడుగు పాస్‌వర్డు ఇవ్వండి. ఊళ్ళో ఉన్న అమ్మకి వీడియో కాల్‌లో పక్కనుండి ఒకసారి కొట్టించి, బ్రౌజర్లో దాచిపెట్టమనండి. తప్పు పాస్‌వర్డులతో విసిగించేవాళ్ళని ఫెయిల్2బ్యాన్ చూసుకుంటుంది, ఎందుకంటే బేసిక్ పద్ధతికి విసుగనేది లేదు, ఎన్నిసార్లడిగినా జవాబిస్తూనే ఉంటుంది.

ముందు తలుపుకి తాళమేసి పెరటి తలుపు వదిలెయ్యకూడదు. అప్లికేషను 127.0.0.1 మీదే వినాలి. డాకర్‌లో పోర్టు పబ్లిష్ చేస్తే అది యూఎఫ్‌డబ్ల్యూ నియమాలని దాటుకుని పోతుంది, ఫైర్‌వాల్ ఉందిగా అని ధీమా వద్దు. పోర్టు ముందు 127.0.0.1 అని రాయాలి. ఇంకోటి, చాలా అప్లికేషన్లలో "లోకల్ నెట్‌వర్కు నుంచి వస్తే లాగిన్ అడగకు" అనే అమరిక ఉంటుంది. ప్రాక్సీ పెట్టాక, అసలు చిరునామా సరిగ్గా అందకపోతే, ప్రపంచంలో ఎవడొచ్చినా పక్క మిషను నుంచి వచ్చినట్టే కనబడతాడు. 1983 నాటి బర్కిలీ నమ్మకం కొత్త చొక్కా వేసుకుని వచ్చిందన్నమాట. అది ఆపెయ్యండి.

మన దగ్గర చాలా ఇంటర్నెట్టు కనెక్షన్లు సీజీనాట్ వెనక ఉంటాయి కాబట్టి పోర్టు తెరవడం కుదరక టన్నెలు వాడేవాళ్ళు ఎక్కువ. పోర్టు తెరవలేదు కదా, భద్రమే అనుకుంటారు. టన్నెలు చిరునామా కూడా ఒక తలుపే. దానికీ తాళం కావాలి.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. టీవీలోని, ఫోనులోని యాప్‌లకి ఆ చిన్న పెట్టె చూపించడం చాలావాటికి రాదు. కొన్ని అప్లికేషన్లు తమ టోకెన్‌ని కూడా అదే హెడర్లో పంపుతాయి, అప్పుడు రెండూ కొట్టుకుంటాయి. లాగవుట్ అనేది సరిగ్గా లేదు. అలాంటి చోట వైర్‌గార్డ్ మేలు, 2020 మార్చిలో వచ్చిన 5.6 నుంచి అది లినక్స్ కెర్నెల్లోనే ఉంది. ఇంటిల్లిపాదికీ ఒకే లాగిన్, రెండో అంచె కోడూ కావాలంటే ఆథీలియా లాంటివి ఉన్నాయి. కానీ అవన్నీ నేర్చుకున్నాక చూద్దాంలే అని ఈలోపు తలుపు బార్లా తీసి ఉంచడం మాత్రం వద్దు. ఈ పూటకి ఈ తాళం వెయ్యండి, పెద్ద తాళం తర్వాత కొనుక్కోవచ్చు.

అంతా అయ్యాక ఫోనులో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద మీ చిరునామా ఒకసారి తెరిచి చూడండి. ఇంట్లో కూర్చుని చూస్తే మీరూ మనవాళ్ళే, బయటివాడికి ఏం కనబడుతోందో తెలీదు. పాస్‌వర్డు అడక్కుండా ఒక్క ఫోటో కనబడినా, అది మీకొక్కరికే కనబడుతున్నట్టు కాదు.